టెరోసార్ శిల్పం చేయాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎగిరే సరీసృపాల శిల్పం చేద్దామని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తలతో, శిఖతో మొదలుపెడతారు. రెక్క దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు. ఈ పేజీలో సగం జవాబులు రెక్క చుట్టూ, ఇంకా చెప్పాలంటే మణికట్టు చుట్టూ తిరగడానికి కారణం అదే. అక్కడ కుదిరిందంటే మిగతా శరీరం కొంచెం అటూఇటూ అయినా చూసేవాళ్ల కన్ను సర్దుకుపోతుంది.

టెరోసార్ అంటే ఎగిరే డైనోసారే కదా?

కాదు. రెండూ దగ్గరి చుట్టాలు, అంతే. టెరోసార్లు సుమారు 22 కోట్ల ఏళ్ల కిందట కనిపించాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లలో పక్షులు తప్ప మిగతావన్నీ పోయినప్పుడే ఇవీ పోయాయి. పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయి, వీటి నుంచి కాదు. శిల్పం చేసేవారికి దీంతో పనేమిటంటే, పక్షి ఎముకల బొమ్మ ఎదురుగా పెట్టుకుని రెక్క చేస్తే తప్పుతుంది. గబ్బిలం బొమ్మ పెట్టుకుంటే ఇంకా తప్పుతుంది.

ఏ రకాన్ని ఎంచుకోవాలి?

మొదటిసారి చేస్తుంటే టెరానోడాన్ చేయండి. 1870లో శిలాజ శాస్త్రవేత్త ఆత్నియెల్ మార్ష్ బృందం అమెరికాలోని కాన్సస్‌లో దీని ఎముకలు మొదట సేకరించింది. ఆ తర్వాత వెయ్యికి పైగా నమూనాలు దొరికాయి కాబట్టి కొలతల విషయంలో ఊహించాల్సింది తక్కువ. రెక్కలు చాపితే పెద్ద మగది 6 మీటర్ల పైమాటే. పొడవాటి ముక్కు, వెనక్కి సాగిన శిఖ వల్ల ఎంత దూరం నుంచి చూసినా గుర్తుపట్టేస్తారు.

చిన్నదీ చురుకైనదీ కావాలంటే రాంఫోరింకస్ బాగుంటుంది. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో దీని రెక్క పొర, తోక చివరి విసనకర్ర లాంటి భాగం అచ్చులతో సహా దొరికాయి. పొడవాటి తోక ఉండటం శిల్పానికి పెద్ద సుఖం, ముందున్న తల బరువును అది కంటికి సమం చేస్తుంది.

నిలబడ్డ భంగిమ మీద మనసుంటే క్వెట్జల్‌కోయాట్లస్. 1971లో డగ్లస్ లాసన్ టెక్సాస్‌లోని బిగ్ బెండ్ ప్రాంతంలో కనుక్కున్నాడు. రెక్కలు 10 మీటర్లకు పైగా విచ్చుకునేవి, నేలమీద నిలబడితే జిరాఫీ అంత ఎత్తు. ఆ మెడ, ఆ కాళ్లు, నేలకు ఆనించిన చేతులు, వీటితోనే సగం శిల్పం అయిపోతుంది.

టుపాండాక్టిలస్ శిఖ అద్భుతంగా ఉంటుంది గానీ మొదటి ప్రయత్నానికి వద్దు. తల మీద అంత పెద్ద తెడ్డు నిలబెట్టాక మెడలోని తీగ దాన్ని మోయాలి కదా.

అచ్చంగా శిలాజంలా ఉండాలా, ఊహ కలపొచ్చా?

కలపొచ్చు. కానీ ఏది ఊహో మీకు తెలిసి కలపండి. రంగు, చర్మం మీది మచ్చలు, శిఖ అంచు, ముఖంలోని భావం మీ ఇష్టం. రెక్కను ఏ వేలు మోస్తుంది, పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అనేవి మారిస్తే మాత్రం అది టెరోసార్ కాదు, కథల్లోని డ్రాగన్. డ్రాగన్ చేయడం తప్పేం కాదు. టెరోసార్ అని పీఠం మీద రాయకపోతే సరి.

పూర్తిగా నైరూప్యంగా చేసేవాళ్లకు కూడా ఇదే చెప్తాను. వంచిన ఒక్క ఉక్కు కడ్డీ, దానికి బిగించిన ఒక్క రేకు చాలు. కడ్డీ వంపు మణికట్టు దగ్గర సరిగ్గా విరిగితే, కళ్లూ ముక్కూ ఏమీ లేకపోయినా జనం ‘అరె, టెరోసార్’ అంటారు.

రెక్క నిర్మాణం ఒకసారి వివరంగా చెప్పండి.

మీ చేతిని పక్కకు చాపి చూసుకోండి. భుజం నుంచి మోచేయి, మోచేయి నుంచి మణికట్టు, ఇంతవరకు మన చేతిలాంటిదే. మణికట్టు తర్వాత అరచేతి ఎముక. దాని చివర మూడు చిన్న వేళ్లు, వాటికి గోళ్లు. నాలుగో వేలు మాత్రం విపరీతంగా సాగి, రెక్క ముందు అంచును చివరిదాకా మోస్తుంది. ఐదో వేలు లేదు. గబ్బిలానికి నాలుగు వేళ్లు పొర లోపల ఊచల్లా పరుచుకుని ఉంటాయి. టెరోసార్ పొర లోపల అలాంటి వేలు ఒక్కటి కూడా ఉండదు. పొర మధ్యలో ఊచలు గీసిన ప్రతి బొమ్మా తప్పే, ఎంత అందంగా ఉన్నా సరే.

మణికట్టు దగ్గర ఇంకో చిన్న ఎముక ఉంటుంది, టెరాయిడ్ అంటారు. ఇది ఇంకే జంతువుకీ లేదు. మణికట్టు నుంచి భుజం వైపు తిరిగి, మెడకూ చేతికీ మధ్య ఉండే ముందు పొరను పట్టి ఉంచుతుంది. చాలా శిల్పాల్లో ఈ ముందు పొరే కనపడదు. మోచేయి లోపలి వంపు ఖాళీగా ఉండి, చేయి కర్రలా తేలిపోతుంది. సన్నని తీగ ముక్క ఒకటి, గోరంత పుట్టీ పొర ఒకటి అక్కడ పెట్టి చూడండి, భుజానికి బలం వచ్చేస్తుంది.

ప్రధాన పొర నాలుగో వేలి కొస నుంచి ఒంటి పక్క దాకా వచ్చి, వెనక కాలికి చీలమండ చుట్టుపక్కల కలుస్తుంది. వెనక అంచు నిటారు గీత కాదు, లోపలికి వంగిన గీత. రెండు కాళ్ల మధ్య కూడా పొర ఉండేది. పాత రకాల్లో అది వెడల్పు, తర్వాతి రకాల్లో కురచ.

పొర పల్చని తోలు ముక్క కాదన్నది ముఖ్యం. అందులో సన్నని నారలు, కండర పొర, రక్తనాళాలు ఉండేవని రాంఫోరింకస్ శిలాజాల్లోనే కనిపించింది. అందుకే ఎగిరేటప్పుడు దండెం మీద ఆరేసిన గుడ్డలా వేలాడకూడదు. బిగుతుగా, కొద్దిగా పైకి ఉబ్బి ఉండాలి.

కొలతలు ఎలా వేసుకోవాలి?

టెరానోడాన్ లెక్క సుమారుగా ఇలా పెట్టుకోండి: పై చేయి ఒక వంతు అయితే ముంజేయి ఒకటిన్నర, అరచేతి ఎముక రెండుకు కాస్త పైన, రెక్క వేలు ఆరున్నర. అంటే రెక్క పొడవులో సగానికి పైగా ఒక్క వేలే. 1:10 స్కేలులో, రెండు రెక్కలూ చాపితే కొస నుంచి కొసకు 60 సెంటీమీటర్లు ఉండేలా చేస్తే పై చేయి 2.4, ముంజేయి 3.6, అరచేయి 5.3, వేలు 16 సెంటీమీటర్ల చుట్టూ వస్తాయి. ఆ వేలిలో నాలుగు కణుపులు, బయటికి పోయేకొద్దీ కురచ. చివరి కణుపు కొద్దిగా వెనక్కి వంగితే రెక్కకు ప్రాణం వస్తుంది.

రాంఫోరింకస్ లాంటి పాత రకాలకు ఈ లెక్క పనికిరాదు. వాటికి అరచేతి ఎముక పొట్టి. టెరానోడాన్ చేతికి రాంఫోరింకస్ తోక తగిలించిన బొమ్మలు బోలెడు కనిపిస్తాయి, దయచేసి ఇంకోటి చేయకండి.

మొండెం మీరు అనుకున్నదానికంటే చిన్నది. టెరానోడాన్ తల దాని మొండెం కన్నా పొడవు. ‘తల మరీ పెద్దదైపోయిందేమో’ అని టెన్షన్ పడి కోసేయకముందు ఒకసారి కొలిచి చూడండి, చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది.

ఏ మెటీరియల్ వాడాలి?

60 సెంటీమీటర్ల లోపు బొమ్మకు నా ఓటు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీకి. ఒవెన్ అక్కర్లేదు, ఎండితే కుంచించుకుపోదు, తీగను గట్టిగా పట్టుకుంటుంది, ఒక రోజులో రాయిలా అవుతుంది. ఇబ్బందల్లా కలిపిన తర్వాత పని చేసుకోవడానికి ఉండే కొద్దిపాటి టైమే, అందుకే కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

పాలిమర్ క్లే తల, చేతివేళ్లు, పాదాల్లాంటి చిన్న వివరాలకు హాయిగా ఉంటుంది. కాల్చేదాకా ఎండదు కాబట్టి తీరిగ్గా దిద్దుకోవచ్చు. సాధారణంగా 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు, ఖచ్చితమైన వేడి, టైము ప్యాకెట్ మీద ఉన్నట్టే. సన్నని రెక్కకు ఒంటరిగా ఇది వద్దు, పడితే పుటుక్కున విరుగుతుంది.

గాలికి ఎండే మట్టి చవక, కానీ ఎండుతూ కుంచించుకుపోతుంది, లోపలి తీగ కుంచించుకోదు. ఫలితం పగుళ్లు. కొలిమిలో కాల్చే బంకమట్టితో చేస్తే లోపల తీగ ఉంచి కాల్చకూడదు. కాబట్టి విచ్చుకున్న రెక్కలు వదిలేసి, రెక్కలు ముడుచుకుని కూర్చున్న భంగిమ ఎంచుకోండి. నూనె కలిసిన క్లే ఎప్పటికీ గట్టిపడదు, అచ్చు తీయడానికి మాత్రమే.

లోపలి తీగ అస్థిపంజరం ఎలా కట్టాలి?

ముందు అసలు సైజులో కాగితం మీద పై నుంచి కనిపించే బొమ్మ, పక్క నుంచి కనిపించే బొమ్మ గీయండి. తీగను ఆ గీత మీద పెట్టి వంచాలి, గాల్లో ఊహించి వంచకూడదు.

వెన్ను, మెడ, కాళ్లకు 2 లేదా 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ చాలు, చేత్తో వంగుతుంది. రెక్కకు అల్యూమినియం పెడితే పుట్టీ బరువుకు కొన్నాళ్లకు కిందికి జారుతుంది. అక్కడ గట్టి ఉక్కు తీగ, లేకపోతే ఇత్తడి కడ్డీ వాడండి. ఎడమ రెక్క కొస నుంచి కుడి రెక్క కొస దాకా ఒకే ముక్కగా, భుజాల గుండా వెళ్లేట్టు వంచితే ఇంకా మంచిది. అతుకు లేని చోట విరగడం ఉండదు.

అతుకు తప్పనప్పుడు రెండు తీగలను ఒకదాని పక్కన ఒకటి రెండు సెంటీమీటర్లు కలిపి పెట్టి, సన్నని రాగి తీగను వరుస తప్పకుండా బిగుతుగా చుట్టండి. చుట్ల మధ్య కాస్త ఖాళీ వదలండి. ఆ ఖాళీల్లోకి ఎపాక్సీని వేలితో నొక్కి ఎక్కించి, ఆరేదాకా కదపకండి. చుట్లు పూర్తిగా ఆనుకుని ఉంటే ఎపాక్సీ పైపైనే ఉండిపోతుంది, రెండు తీగలూ లోపల జారుతూనే ఉంటాయి.

మొండెం నిండా పుట్టీ పోయకండి. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచుట్టి, సుత్తితో కొట్టి గట్టిపరిచి లోపల పెడితే బరువు, ఖర్చు రెండూ తగ్గుతాయి.

ఎగిరే భంగిమకు ఊతకడ్డీ రొమ్ము కింద నుంచి రావాలి. గుండ్రటి కడ్డీ మీద బొమ్మ గుండ్రంగా తిరిగిపోతుంది. ఒకదాంట్లో ఒకటి దూరే చదరపు ఇత్తడి గొట్టాలు తీసుకుని, పెద్దదాన్ని మొండెంలో, చిన్నదాన్ని పీఠంలో బిగించండి. బొమ్మ తిరగదు, కావాలంటే ఊడదీసి రంగు వేసుకోవచ్చు. గొట్టం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఉత్త తీగతో కాకుండా తలకు పుట్టీ పెట్టాక వేలి మీద నిలిపి చూడండి. తల బరువుతో లెక్క ముందుకు జరుగుతుంది.

పొర పల్చగా ఉండాలి, విరగకూడదు. ఎలా?

సన్నని ఇత్తడి జాలీని రెక్క ఆకారంలో, అంచుల దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గించి కత్తిరించండి. నాలుగో వేలి తీగకు, ఒంటి పక్కకు అక్కడక్కడా ఎపాక్సీతో అంటించండి. పొర ఉబ్బు ఇప్పుడే ఇవ్వాలి, తర్వాత రాదు. బొటనవేలితో కింద నుంచి నెమ్మదిగా నొక్కితే జాలీ వంపు తిరుగుతుంది.

తర్వాత పుట్టీని రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య కాస్త టాల్కం పౌడరు చల్లి అప్పడాల కర్రతో ఒత్తండి. మిల్లీమీటరు మందానికి వచ్చాక పైషీటు తీసి, కింది షీటుతో సహా ఎత్తి జాలీ మీద పరిచి, తడివేలితో రాయండి. పైభాగం గట్టిపడ్డాక కింది వైపు. రెండు వైపులా ఒకే రోజు వేయాలని తొందరపడితే ఒకటి వేసేటప్పుడు ఇంకోటి నలుగుతుంది.

పుట్టీ కాస్త బిగుసుకున్నాక నారల గీతలు వేయండి. రెక్క కొస దగ్గర అవి వేలికి దాదాపు సమాంతరంగా నడుస్తాయి, లోపలికి వచ్చేకొద్దీ వెనక అంచు వైపు తిరుగుతాయి. సూదిని పడుకోబెట్టి లాగితే సరైన గీత వస్తుంది, నిలబెట్టి లాగితే చీరుకుపోయినట్టు ఉంటుంది. వెలుతురు కాస్త పక్క నుంచి పడితే తప్ప కనపడనంత సన్నగా ఉండాలి.

వెనక నుంచి దీపం పెట్టి పొర మెరవాలనుకుంటే జాలీ బదులు పల్చని టిష్యూ కాగితాన్ని తెల్ల జిగురుతో రెండు మూడు పొరలు అంటించవచ్చు. అందంగా ఉంటుంది, నాజూకుగానూ ఉంటుంది. గాజు పెట్టె లేకుండా పెట్టకండి.

ఏ భంగిమ బాగుంటుంది?

అందరూ రెక్కలు రెండూ సమానంగా చాపి పెడతారు. అది విమానం. ఒక రెక్క కొద్దిగా కిందికి, తల ఆ వైపుకు తిప్పి పెట్టి చూడండి.

నేల మీద ఉంటే నాలుగు కాళ్ల జంతువులా నడిపించాలి. పాదముద్రల శిలాజాలు అదే చెబుతున్నాయి: వెనక పాదాలు అరికాలు ఆనించి, ముందు చేతులు మూడు చిన్న వేళ్ల మీద. నాలుగో వేలు వెనక్కి మడిచి, ముంజేతి పక్కగా పైకి పోతుంది. రెండు కాళ్ల మీద కోడిలా నిలబెట్టిన పాత బొమ్మలను వదిలేయండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎగరబోయే క్షణం. 2008లో పరిశోధకుడు మైకేల్ హబీబ్ వాదించింది ఏమిటంటే, ఇవి పక్షుల్లా కాళ్లతో కాకుండా ముందు చేతులతో నేలను తన్ని గాల్లోకి లేచేవని. వెనక కాళ్లు అప్పుడే నేల వదిలి, మోచేతులు వంగి, భుజాల కండ ఉబ్బి ఉన్న భంగిమ అది. బరువంతా రెండు చేతుల మీదే పడుతుంది కాబట్టి తీగలు పీఠం లోపలికి దిగి బిగిసి ఉండాలి. ఊతకడ్డీ అక్కర్లేదు, అది పెద్ద లాభం.

పళ్లు పెట్టాలా?

రకాన్ని బట్టి. టెరానోడాన్‌కు, క్వెట్జల్‌కోయాట్లస్‌కు ఒక్క పన్ను కూడా లేదు. రాంఫోరింకస్‌కు ముందుకు పొడుచుకొచ్చిన సూదిపళ్లు. టెరోడౌస్ట్రోకైతే కింది దవడ నిండా కుచ్చులాంటి సన్నని పళ్లు వందల్లో ఉంటాయి, అవి చేయబోయేవాళ్లకు ఓపిక కలుగుగాక.

గద్దలా కాళ్లతో చేపను పట్టుకుని ఉన్నట్టు చేయొచ్చా?

వద్దు. ఆ పాదాలు పట్టుకునేవి కావు, నడిచేవి. చేప పెట్టాలనుకుంటే ముక్కులో పెట్టండి. మనిషిని ఎత్తుకుపోతున్నట్టు అసలే వద్దు, మధ్యలో 6 కోట్ల ఏళ్ల పైచిలుకు తేడా ఉంది.

ఒంటి మీద పొలుసులా, బొచ్చా?

బొచ్చు. దీని వెనక సరదా కథ ఉంది. 1843లో ఎడ్వర్డ్ న్యూమన్ టెరోసార్లను బొచ్చున్న గబ్బిలం లాంటి క్షీరదాలుగా గీశాడు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ పెద్ద శిల్పాలు నిలబెట్టినప్పుడు టెరోసార్లకు పొలుసులు పెట్టాడు. అవి సరీసృపాలన్నది హాకిన్స్ వైపే సరైంది, ఒంటి మీద ఏముందన్నది మాత్రం న్యూమన్ వైపే తేలింది. 1971లో వర్ణించిన సోర్డెస్ అనే టెరోసార్ శిలాజంలో బొచ్చు లాంటి నారలు స్పష్టంగా కనిపించాయి.

చేసేటప్పుడు ఒళ్లంతా ఒక్కటే గీత లాగకండి. మెడ మీద కాస్త పొడవు, రొమ్ము మీద ఒత్తు, రెక్క దగ్గరకు వచ్చేసరికి పొట్టి అవుతూ మాయమవ్వాలి. గీతలు గాలి పారే దిక్కునే, ముక్కు నుంచి తోక వైపుకు. ముక్కు, పాదాలు నున్నగా వదిలేయండి.

రంగులు ఎలా వేయాలి?

ముందు ప్రైమర్, తర్వాత యాక్రిలిక్. 2022లో టుపాండాక్టిలస్ శిలాజం మీద వచ్చిన పరిశోధనలో రంగు కణాలు ఒక్కో చోట ఒక్కో ఆకారంలో కనిపించాయి, అంటే ఒంటి మీద రకరకాల రంగులు ఉండేవన్నమాట. అచ్చంగా ఏ రంగన్నది మీకే వదిలేసిన విషయం. బూడిద, మట్టి రంగులు వేస్తేనే నమ్ముతారన్న భయం అక్కర్లేదు.

ఒక్క సూచన: వీపు ముదురు, కడుపు లేత అయితే ఎగిరే భంగిమకు నప్పుతుంది. గట్టి రంగు ఎక్కడైనా వాడాలంటే శిఖకు దాచుకోండి. పొర మీద బాగా నీళ్లు కలిపిన ముదురు రంగు పరిచి, వెంటనే గుడ్డతో తుడిస్తే నారల గీతల్లో మాత్రం నిలుస్తుంది.

కన్నుకు నల్ల గాజు పూస, మీద ఒక చుక్క మెరిసే వార్నిష్. మిగతా ఒంటికి మెరుపు లేని వార్నిష్.

రెక్క పగిలింది. మళ్లీ మొదటి నుంచా?

అక్కర్లేదు. పగులు ఎక్కడుందో చూడండి. పొర మధ్యలో ఉంటే రెండు వైపులా ‘వి’ ఆకారంలో చెక్కి, కొత్త పుట్టీ నింపి, ఎమరీ పేపర్‌తో రాయండి. మణికట్టు దగ్గర పగిలితే లోపల తీగ కదులుతోందని అర్థం. పైన ఎంత పూసినా మళ్లీ అక్కడే పగులుతుంది. పుట్టీ ఒలిచి, అతుకును మళ్లీ చుట్టాల్సిందే.

జాగ్రత్తలు?

ఎపాక్సీ చర్మానికి పడని వాళ్లు చాలామంది ఉంటారు, నైట్రైల్ గ్లోవ్స్ తొడుక్కోండి. ఎమరీ పట్టేటప్పుడు దుమ్ము మాస్కు తప్పనిసరి, లేదా తడిపి రుద్దండి. పాలిమర్ క్లే మాడితే వచ్చే పొగ ప్రమాదకరం. వెంటనే ఒవెన్ ఆపి, కిటికీలు తెరిచి, గదిలోంచి వచ్చేయండి. తీగ కొసలు కళ్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి పని చేసినన్నాళ్లు వాటికి చిన్న క్లే ఉండలు గుచ్చి పెట్టండి.

పిల్లలతో చేయించొచ్చా?

శుభ్రంగా. అట్టముక్క, కాగితం గుజ్జు, తెల్ల జిగురు, వంగే తీగ చాలు. ఎపాక్సీ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.

తోటలో పెట్టేంత పెద్దది చేయాలంటే?

అప్పుడిది శిల్పంతో పాటు ఇంజనీరింగ్ కూడా. విచ్చుకున్న రెక్క గాలిని పట్టేస్తుంది, తుఫాను రోజున దాని బరువు కంటే గాలి తోపుడే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. వెల్డింగ్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ చట్రం, దాని మీద ఫైబర్‌గ్లాస్ లేదా రేకు వాడతారు. పొరను నిండుగా కాకుండా సందులున్న బద్దీలుగా చేస్తే గాలి దాటిపోతుంది, చూపుకూ తేలిగ్గా ఉంటుంది. పునాది, బోల్టుల లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుతో వేయించాకే పని మొదలుపెట్టండి. పాలిమర్ క్లే ఎండకూ వానకూ తట్టుకోదు, బయట పెట్టే దేనికీ వాడకండి.

సీలింగుకు వేలాడదీయాలంటే?

రెండు భుజాల దగ్గర ఒక్కోటి, తుంటి దగ్గర ఒకటి, మొత్తం మూడు కొక్కేలు. ఇవి పుట్టీలోకి కాదు, లోపలి తీగకే చుట్టి రావాలి. ఒకే దారానికి కడితే ఫ్యాను గాలికి గిరగిరా తిరిగి రెక్క గోడకు తగులుతుంది. దుమ్ము దులపడానికి పొడి మెత్తని కుంచె వాడండి, రెక్క మొదలు నుంచి కొస వైపుకు. తడిగుడ్డ వద్దు.